సగం మెత్తబడిన కారు

వనపర్తిలో నేను పనిచేసే లారీ కాంటా మీద పల్లికాయ లారీ నిలబడి ఉంది. డ్రైవర్ కిందికి దిగి చీటీ కోసం నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆయనది మానవపాడు పక్క ఊరు. మాటల్లో మాటగా చెప్పాడు.

"సార్, మా ఊరి ఎర్రకారు పటేలు ఎండకాలంల పోయిండు. మీకు ఎరికేనంట గద."

నేను అంకె చూస్తున్నాను. పద్నాలుగు వేల మూడు వందల ఇరవై కిలోలు. రాసుకున్నాను. ఏమైందని అడిగాను.

"గుండె ఆగిందన్నరు. చెల్కల నీళ్లు కట్టుకుంట కూలవడ్డడంట."

చీటీ చింపి ఇచ్చాను. లారీ దిగింది. అంకె సున్నాకు వచ్చేదాకా చూశాను. తరువాతి బండి ఎక్కింది. నా లోపల ఏదో కదులుతుందేమోనని కాసేపు ఆగాను. కదలలేదు. ఆ రోజు ఇంకా ఇరవై రెండు బండ్లు తూచాను. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. నాలుగు రోజుల తరువాత ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయనకు పేరుతో పిలిపించుకునే అలవాటు పెద్దగా లేదు. నేను పటేలా అనేవాణ్ని, ఆయన నన్ను కాంటన్నా అనేవాడు.

అప్పుడు నేను గద్వాలలో ఉండేవాణ్ని. పత్తి మిల్లు ముందర కాంటా. లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు తూచడం పని. ఆయన నాకు కావలసినవాడు కాదు, చుట్టం కాదు. అయినా ఆయన ఎలా కూర్చునేవాడో చెప్పమంటే ఇప్పుడు కూడా చెప్పగలను. కుర్చీ వేస్తే దాని పక్కన నేల మీద గొంతుక్కూర్చునేవాడు. ఎడమ చెయ్యి కుర్చీ మీద పెట్టేవాడు, అక్కడ ఇంకెవరో కూర్చున్నట్టు. ఏది అడిగినా "నీ లెక్కల ఎంతొస్తది?" అని మొదలుపెట్టేవాడు. చెప్పింది విని "సరే తియ్యి" అనేవాడు. మంచి అంకెకైనా, చెడ్డ అంకెకైనా అదే సరే తియ్యి.

కారు ఎక్కే ముందు చెప్పులు విడిచేవాడు. విడిచి, పాత పేపర్లో చుట్టి, వెనక సీటు కింద పెట్టేవాడు. వట్టి కాళ్లతో నడిపేవాడు. "వాని బండి" అనేవాడు. నా బండి, మా బండి అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

ఆ కారు తమ్ముడిది. తమ్ముడు హైదరాబాద్‌లో పాత కార్లు కొని అమ్మే పనిలో ఉండేవాడు. ఏదో ఎక్కడిదో విదేశీ కారు, ముందు రెండు సీట్లు, వెనక పిల్లలు కూర్చునేంత చోటు, రెండే తలుపులు, నేలకు ఆనుకున్నంత ఎత్తు, కుంకుమ రంగు. అమ్మడానికని కొని, అమ్మకుండా తనకే ఉంచుకున్నాడు. అన్నకు అది నచ్చలేదు. ఊరికి తెచ్చినప్పుడల్లా తమ్ముడు "ఒక్కపారి ఎక్కు అన్నా" అని బతిమాలేవాడట. అన్న ఒక్కసారి కూడా ఎక్కలేదు. తల్లిని కూడా ఎక్కనివ్వలేదు. తమ్ముడు తల్లికి మాటిచ్చాడు, ఒక శనివారం బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి దాంట్లోనే తీసుకుపోతానని. ఆ వానాకాలంలో తమ్ముడికి కామెర్లు వచ్చాయి. పదకొండు రోజులు దవాఖానలో ఉండి చనిపోయాడు. వయసు ముప్పై ఒకటి. కారును ఎవరో నడుపుకొచ్చి ఊళ్లో వదిలిపెట్టి పోయారు.

ఇదంతా ఆయన ఒక్క రోజున చెప్పలేదు. మొదటి రోజు చెప్పింది తక్కువ. పత్తి ట్రాలీల వరుసలో ఆ ఎర్ర కారు వచ్చింది. ముందు ట్రాక్టరు, వెనక ట్రాక్టరు, మధ్యలో అది. డ్రైవర్లు ఈలలు వేశారు. ఒకడు "సేటు, పత్తి యాడ పెట్టినవు, జేబులనా?" అన్నాడు. ఆయన కారు కాంటా మీద ఆపి, చెప్పులు వేసుకుని దిగి, నా కిటికీ కింద గొంతుక్కూర్చున్నాడు.

"పన్నెండు వందల నలభై" అన్నాను.

"అది గాదు కాంటన్నా. ఇది శానా ఎత్తేస్తది. అమ్మను కూసోవెట్టిన. మా గడ్డివాము దాటంగనే ఆపు ఆపు అని ఏడ్సింది. ఆమె నడుము పూస ఒకటి మునుపే అణిగింది, కాల్వల పడి. కానీ ఇడువది. వాని బండ్లనే బీచుపల్లికి పోత అంటది. ఇంకో బండి తెస్తె మొకం తిప్పుకుంటది."

"అయితే మెకానిక్‌కు చూపించాలె గద."

"మెకానిక్ ఎందుకు? ట్రాలీ చూడవా నువ్వు? ఖాళీగ పోతె ఎగుర్తది. పత్తి ఎత్తినంక పెండ్లిపిల్ల లెక్క పోతది. దీన్ల ఎంత ఎత్తాలె? నీ లెక్కల ఎంతొస్తది?"

ఇక్కడ నా తప్పు ఉంది కాబట్టి వివరంగా రాస్తాను. అది నాకు మంచి ప్రశ్న అనిపించింది. మా వైపు ఎవరిని అడిగినా అదే చెబుతారు, బరువు పడితే బండి మెత్తబడుతుందని. ఎడ్లబండి నుంచి లారీ దాకా అందరం చూసిందే. ఖాళీ ట్రాలీల బరువులు, నిండిన ట్రాలీల బరువులు నా దగ్గర సీజన్ల కొద్దీ ఉన్నాయి. ఏ బరువు దగ్గర ఎగరడం తగ్గుతుందో డ్రైవర్లను అడిగి తెలుసుకున్నాను. కారు బరువుకు సరిపోయేలా తగ్గించాను. ఒక రాత్రి, ఒక పగలు లెక్క చేసి నూట అరవై కిలోలు అని చెప్పాను. నలభై కిలోల పత్తిగింజల బస్తాలు నాలుగు. రెండు డిక్కీలో, రెండు వెనక సీట్లో.

"సరే తియ్యి" అన్నాడు.

ఐదో రోజు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. కూర్చున్నాడు. కాసేపటికి చెప్పాడు.

"అమ్మ పండుకున్నది. లేస్తలేదు."

"ఏమైంది?"

"కల్వర్టు కాడ ఒక్కటే దెబ్బ. గొడ్డలితోని కొట్టినట్టు. కోపం గాదు నాకు. నీ లెక్క తప్పినట్టున్నది, గది చెప్పనీకి వచ్చిన."

ఆయన గొంతులో నిజంగానే కోపం లేదు. పొద్దున ఎంత పత్తి వచ్చింది అని అడిగినట్టే ఉంది. నేను లేచి కాంటా మూసేశాను. పదేళ్లలో పనివేళ మూసింది అదొక్కసారే.

రాయచూరు రోడ్డు మీద ఒక స్ప్రింగుల మేస్త్రి ఉండేవాడు. లారీల కమాన్‌పట్టీలు కట్టడం ఆయన పని. పొట్టివాడు, నోరు దురుసు. మరునాడు కారు తెప్పించి ఆయన ముందర పెట్టాం. జాకీ ఎత్తి కిందికి దూరాడు. దూరినవాడు నవ్వడం మొదలుపెట్టాడు.

"గింజలేస్తిరా! ఎవడు చెప్పిండు ఈ తెలివి?"

"నేనే" అన్నాను.

"కాంటాయన్నా, బస్తాలు తూసుకోని బతుకు. ఇట్ల రా, వంగు. ఇది కనవడ్తదా? ఇది రబ్బరు. స్ప్రింగు మొత్తం అణిగినంక ఇనుముకు ఇనుము తాకకుండ అడ్డముంటది. ఈ బండ్ల స్ప్రింగుకు, రబ్బరుకు నడుమ ఒక్క ఏలు సందున్నది. నువ్వు నూటరవై ఎత్తినవు. ఆ ఒక్క ఏలు గూడ పాయె. బండి రబ్బరు మీద కూసున్నది. స్ప్రింగు పనే బంద్. ఇంగ ముసలమ్మను రోట్లె ఏసి దంచినట్టే."

ట్రాలీకి అణగడానికి జానెడు చోటు ఉంటుంది. దీనికి వేలెడు. అది నేను కొలవలేదు. బరువు కొలిచాను, సందు కొలవలేదు.

మేస్త్రి కింది నుంచి మళ్లీ అన్నాడు. "స్ప్రింగులు కోసిండ్రు. నాలుగూ కోసిండ్రు. కొసలు చూడు, రంపం గీతలున్నయ్. బండి కిందికి దిగనీకి, సోకుకు. ఎవడు కోసిండో గానీ, వాని నడుము ఇనుమా?"

పటేలు అంతవరకు కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వట్టి కాళ్లు. అక్కడే కూర్చుని చెప్పాడు.

"వాడే కోయించిండు. కోయించిన నాడు ఫోన్ జేసిండు. బండిని దించిచ్చిన అన్నా, రోడ్డు మీద చీమ పోతె గూడ తెలుస్తది అన్నడు. మురుస్తుండు. నేను ఫోన్ పెట్టేసిన."

మేస్త్రి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. ఆ తరువాత తమ్ముడితో మాట్లాడింది దవాఖానలోనేనని, అప్పటికి అతను ఎవరినీ గుర్తుపట్టడం లేదని పటేలు చెప్పాడు.

"అయితె ఏం జేస్తవు పటేలా," అన్నాడు మేస్త్రి, ఈసారి మెల్లగా. "నాలుగూ తీసెయ్యాలె. సాదా స్ప్రింగులు పొడుగువి వెయ్యాలె. నాగర్‌కర్నూల్ల ఒక స్క్రాప్ దుక్నమున్నది, ఆడ దీనికి పట్టేటివి దొరుకుతయ్. సైజు రాసిస్త."

"అవి తీస్తె ఇంగ వాని బండి ఏముంటది? రంగు పాతోనిది, సీట్లు పాతోనియి. వాడు జేయించింది గదొక్కటే."

"తియ్యకుంటె మీ అమ్మ నడుము ఉండదు."

పటేలు నా వైపు చూశాడు. నీ లెక్కల ఎంతొస్తది అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

నాగర్‌కర్నూల్‌కు ఆయన బస్సులో పోయి, బస్సులో వచ్చాడు. తువ్వాల మూట ఒళ్లో పెట్టుకుని వచ్చాడట దారంతా. మేస్త్రి మూట విప్పి లెక్కపెట్టాడు.

"రెండే దొరికినయా?"

"నాలుగున్నయ్. రెండు చాలు. ముందరిది ఒకటి, ఎనకది ఒకటి."

"అదేంది?"

"అమ్మ కూసునే దిక్కు మెత్తగ చెయ్యి. నేను కూసునే దిక్కు వాడు చేసినట్టే ఉండని."

మేస్త్రి నోరు తెరిచాడు. "నీకేమన్న తిక్క లేసిందా పటేలా? సగం బండి మెత్తగ, సగం గట్టిగ ఉంటదా? ఒక దిక్కు లేస్తది, ఒక దిక్కు వంగుతది. కుంటెద్దు లెక్క పోతది. నలభై ఏండ్ల సంది ఇదే పని, ఇసోంటిది ఎవ్వడు అడగలే."

పటేలు ఒళ్లో ఖాళీ తువ్వాల మడతపెడుతూ కూర్చున్నాడు. మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు. నేను అన్నాను, వంగకుండా చేయవచ్చు, లెక్క ఉంది అని. ఎందుకన్నానో తెలుసు. నేను చెప్పిన నూట అరవై మీద కొట్టివేత గీత ఒకటి గీయవలసి ఉంది.

ఈసారి ఏదీ ఊహించదలచుకోలేదు. ఎవరు ఎంత బరువో కావాలి. ఆయన్ను తూచాను, అరవై రెండు. తల్లి నలభై ఉంటుందేమోనన్నాడు. ఉంటుందేమో అంటే కుదరదని చెప్పి ఊరికి వెళ్లాను. గింజలు తూచే చిన్న కాంటా మీద ఆమెను ఇంటి ఆడవాళ్లు ఇద్దరు పట్టి కూర్చోబెట్టారు. నలభై రెండు. ఆమె నన్ను చూసింది.

"నువ్వేనా ఆ లెక్క చెప్పింది?"

"నేనే అవ్వా."

"తప్పు పోయిందంట గద."

"పోయిందవ్వా."

"నాకు నొయ్యలేదా మరి? ఇరవై దినాలాయె, పక్క తిరుగుతలేను." ఆగి, కాంటా మీద నుంచి దింపుతుంటే అన్నది. "సరే, మల్ల చెయ్యి. జర సూసి చెయ్యి."

పది రోజులు పట్టింది. కారును నాలుగు దిక్కులా తూచాను, ఒక్కో చక్రం కాంటా మీద పెట్టి. కొత్త స్ప్రింగులతో ఎడమవైపు లేచింది. కుడివైపు కోసిన స్ప్రింగుల మీద ఇనుప బిళ్లలు పెట్టి దాన్ని కూడా అంతే లేపాలి. ముందర ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు, వెనక ముప్పై. బిళ్ల స్ప్రింగును మెత్తగా చేయదు, ఎత్తు మాత్రం ఇస్తుంది, రబ్బరుకు దూరంగా ఉంచుతుంది. మేస్త్రి తిట్టుకుంటూనే బిళ్లలు కోశాడు. గోడలు కట్టేవాళ్ల నీళ్ల పైపు తెచ్చి ఆ కొస ఈ కొస పట్టి చూశాం. ఎడమ సీట్లో నలభై రెండు కిలోల గింజలు, కుడి సీట్లో ఆయన. నీళ్లు రెండు కొసల్లో ఒక్క గీత మీద నిలిచాయి. ఇంకొంచెం మెత్తదనం కోసం ఎడమ టైర్లలో గాలి తగ్గించాం.

మేస్త్రి తాళం చేతికిచ్చి చెప్పాడు. "స్పీడు నలభై దాటొద్దు. బ్రేకు జోరుగ తొక్కినవనుకో, ఎడమ దిక్కు ముక్కు వంచుతది. తొక్కకు."

"సరే తియ్యి."

ఒక శనివారం పొద్దున బయలుదేరాం. నన్ను కూడా రమ్మన్నాడు, ఏమన్నా తప్పితే చూడాలని. నేను వెనక, మోకాళ్లు గడ్డానికి ఆనించి, పక్కన పేపర్లో చుట్టిన చెప్పులు, కొబ్బరికాయ సంచి. తల్లి ముందర ఎడమవైపు. ఆమెను ఎత్తి కూర్చోబెట్టిన తీరు చూస్తే గాజు సామాను గుర్తొచ్చింది. ఆయన స్టీరింగును రెండు చేతులా పట్టుకుని నడిపాడు. గుంత కనబడితే చుట్టూ తిప్పేవాడు. నల్లరేగడి రోడ్డు, వానలకు ఉబ్బి పగిలి ఉంది, కాబట్టి తిప్పడమే ఎక్కువ.

గడ్డివాము దాటాం. కల్వర్టు వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని ముందరి డ్యాష్‌బోర్డును పట్టుకుంది. కల్వర్టు పోయింది. కళ్లు తెరిచింది.

"అయిపాయెనా?"

"అయిపాయె అమ్మా. నొచ్చిందా?"

"లే."

  ఒక కిలోమీటరు పోయాం. ఆమె తరువాత అన్నది.

"ఇది కిరాయి జీపు లెక్కనే ఉన్నది గద."

ఆయన ఇంకో గుంత చుట్టూ తిప్పాడు.

"దీంట్ల ఏమున్నదిరా? గీ మాత్రానికేనా వాడు గంత మురిసింది? నాకేం తెలుస్తలేదు."

"మెత్తగ చేసినం అమ్మా నీకు."

"వానికి గిట్లనే ఉండెనా?"

"గిట్ల లేకుండె. గట్టిగ ఉండె."

"నువ్వు ఎక్కినవా వానితోని?"

"లే."

ఇంకా కొంత దూరం పోయాం. ఆమె కిటికీలోంచి పత్తి చేలు చూస్తోంది. చూస్తున్నట్టు కనబడింది. ఆయన ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి, తల్లి కుడిచెయ్యి పట్టుకుని, తన భుజం మీద పెట్టుకున్నాడు.

"ఈడ వెయ్యి. తియ్యకు."

ఆ తరువాత ఆయన గుంతలను తప్పించడం మానేశాడు. వెనక నుంచి నాకు బాగా కనబడింది. ఎడమ చక్రాన్ని మంచి రోడ్డు మీద ఉంచి, కుడి చక్రాన్ని చూసి చూసి గుంతలో వేస్తున్నాడు. దెబ్బ ఆయన నడుము నుంచి భుజానికి వస్తోంది, ఆమె చెయ్యి ఎగిరి పడుతోంది. ఒకటి. ఇంకొకటి. మేస్త్రి చూస్తే బండి తాళం లాక్కునేవాడు. రాళ్లు తేలిన చోట వరుసగా తొమ్మిది వచ్చాయి. ఆమె అరచెయ్యి ఆయన చొక్కాను ముడతగా పట్టుకుంది.

"గిట్లనా?" అన్నది.

"గిట్లనే. ఇంకా జోరుగ ఉంటుండె."

"సీమ పోతె గూడ తెలుస్తది అనెటోడు నాతోని."

"నాతోని గూడ అన్నడు."

ఆమె నవ్వుతోందో ఏమో వెనక నుంచి నాకు తెలియలేదు. "పిచ్చోడు" అన్నది. "సిన్నప్పటి సంది పిచ్చోడే." ఆయన ఊఁ అన్నాడు. రెండు గుంతలు ఒకదాని వెంట ఒకటి వేశాడు.

తరువాత హైవే వచ్చింది. నున్నగా ఉంది. కారు చప్పుడు లేకుండా పోతోంది. బీచుపల్లి ఇంకా ఇరవై కిలోమీటర్ల లోపే ఉంటుంది, అరగంట అటూ ఇటూగా చేరతామని లెక్క చూసుకున్నాను. ఆమె చెయ్యి ఆయన భుజం మీదనే ఉంది. కదలడం లేదు. కాసేపు అలాగే పెట్టి ఉంచింది.

"ఇంగ లేవా?"

"ఇది హైవే అమ్మా. ఈడ గుంతలుండయ్."

"అయితె ఎనక్కు తిప్పు."

"బీచుపల్లి పోవాలె గద. టెంకాయ తెచ్చుకుంటివి."

"దేవుడు ఆడనే ఉంటడు. నువ్వు తిప్పు."

ఆయన నా వైపు చూడలేదు. వేగం తగ్గించాడు, బ్రేకు జోరుగా తొక్కకుండా. లారీ ఒకటి పోయేదాకా ఆగాడు. బండి తిప్పి మళ్లీ మా రోడ్డు దగ్గరికి తెచ్చాడు. తారు అంచు దిగేటప్పుడు కుడి చక్రాన్ని ముందు దించాడు.